తెర మీద కథనం: కథనశాస్త్రం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ కృష్ణానగర్ గదుల్లో కథలు రాసుకుంటున్న అసిస్టెంట్లు, సీరియళ్లకు ఎపిసోడ్లు రాసేవాళ్లు, యూనివర్సిటీలో సినిమా చదువుకుంటున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకేలా ఉంటాయి. వాటికి నాకు తెలిసిన జవాబులు ఇక్కడ పెడుతున్నాను. ఉదాహరణల కోసం కొన్ని సినిమాల గుట్టు విప్పక తప్పలేదు. చూడని సినిమా పేరు కనబడితే ఆ పేరా దాటేయండి.

కథనశాస్త్రం అంటే స్క్రీన్‌ప్లే రాసే పద్ధతేనా?

కాదు. స్క్రీన్‌ప్లే పుస్తకాలు ఏ పేజీలో ఏం జరగాలో చెబుతాయి. 1979లో సిడ్ ఫీల్డ్ రాసిన పుస్తకంతో మూడు అంకాల లెక్క ప్రపంచమంతా పాకింది, మన స్టోరీ సిట్టింగ్స్‌లోకీ వచ్చింది. కథనశాస్త్రం అడిగేది వేరు. చెప్పిన ముక్కల్లోంచి చూసేవాళ్ల మనసులో ఒక కథ ఎలా తయారవుతోంది? చెప్పకుండా వదిలేసినదాన్ని వాళ్లు దేంతో పూరించుకుంటున్నారు? దాని ఆసక్తంతా అక్కడే.

ఈ శాస్త్రానికి ఆ పేరు పెట్టింది సాహిత్య పండితుడు త్వెతాన్ టొడొరోవ్, 1969లో. ఆలోచనలు మాత్రం అంతకంటే పాతవి. రష్యాలో 1910ల నుంచే ఫార్మలిస్టులు, అంటే రచన రూపాన్ని విడదీసి చదివిన విమర్శకులు, మొదలుపెట్టారు. 1928లో వ్లదిమిర్ ప్రాప్ రష్యన్ అద్భుత కథలను విడదీసి, వాటన్నిటి కింద 31 రకాల చర్యలు ఒకే వరసలో కనబడతాయని చూపించాడు. ఆ తర్వాత ఫ్రెంచివాళ్లు నవలల మీద పనిచేశారు. సినిమా మీద గట్టి పని 1970ల చివర్లో, 80లలో జరిగింది.

ప్రాప్ చెప్పిన 31 చర్యల జాబితా పెట్టుకుని కథ రాయొచ్చా?

రాయొచ్చు గానీ ఆ జాబితా అందుకు పుట్టలేదు. ఒక ప్రాంతపు ఒక రకం కథల్లో ఉన్నదేమిటో చెప్పడానికి అతను దాన్ని తయారుచేశాడు. మీ కథ ఎక్కడ ఆగిపోయిందో అది చెప్పలేదు.

కథ వేరు, కథనం వేరు అంటారు. తేడా ఏమిటి?

జరిగిన సంగతులన్నీ జరిగిన వరసలో, కారణాలతో సహా పేర్చుకుంటే అది కథ. రష్యన్లు దాన్ని ఫాబులా అన్నారు. ఆ సంగతుల్లో వేటిని, ఏ వరసలో, ఎంతసేపు మనముందు పెట్టారన్నది కథనం. దాన్ని వాళ్లు సుజెట్ అన్నారు. 1985లో సినిమా పండితుడు డేవిడ్ బోర్డ్‌వెల్ ఈ జంటను సినిమాకు తెచ్చి ముఖ్యమైన మాటొకటి చెప్పాడు. తెర మీద ఉండేది కథనం ఒక్కటే. కథ అక్కడ ఉండదు, దాన్ని ప్రేక్షకుడే కట్టుకుంటాడు. సూచనలు అందుకుంటాడు, ఊహిస్తాడు, తప్పని తేలితే సరిచేసుకుంటాడు.

దీనికి మన దగ్గర నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’. నాలుగు వయసుల్లో నాలుగు ప్రేమకథలు ఒకదాని తర్వాత ఒకటి అల్లుకుంటూ నడుస్తాయి. ఒకే ఊళ్లో ఒకే కాలంలో నలుగురి కథలు నడుస్తున్నాయని మనం నమ్ముతాం. అలా అని సినిమా ఎక్కడా చెప్పలేదు. ఒక కథలోంచి ఇంకో కథలోకి కట్ చేస్తూ పోతే అవన్నీ ఒకే కాలంలో జరుగుతున్నాయనుకోవడం సినిమాలు మనకు చేసిన అలవాటు. చివర్లో ఆ నలుగురూ ఒకే మనిషి అని తెలుస్తుంది. తెర మీద చూసిన ఒక్క షాటూ మారదు, మనం కట్టుకున్న కథ మాత్రం మొత్తం మారిపోతుంది. ట్విస్టు అంటే కొత్త సంగతి తెచ్చిపడేయడమే అనుకునేవాళ్లు ఈ సినిమాను రెండోసారి చూడాలి. పాత సంగతులే కొత్త వరసలో కూర్చోవడం అంతకంటే బలంగా తగులుతుంది.

ఈ సిద్ధాంతం మొత్తంలో ఒక్కటే నేర్చుకోవాలంటే ఏది నేర్చుకోవాలి?

ఎవరికి ఏం తెలుసు, ఎప్పుడు తెలిసింది. ఇది పట్టుబడితే మిగతాది నిదానంగా చదువుకోవచ్చు. మన దగ్గర కథాచర్చలన్నీ ఏం జరగాలన్నదాని చుట్టూనే తిరుగుతాయి. హీరోకి ఇంకో సమస్య పెడదామా, విలన్‌ని ఇంకా బలంగా చేద్దామా అని. అదే సంగతి ఎవరికంటే ముందు ఎవరికి తెలియాలన్న చర్చకు అందులో సగం సమయం కూడా దొరకదు.

1972లో ఫ్రెంచి పండితుడు జెరార్ జెనెట్ దీన్ని మూడు రకాలుగా విడదీశాడు. కథనం పాత్రలకంటే ఎక్కువ చెప్పొచ్చు, ఒక పాత్రకు తెలిసినంతే చెప్పొచ్చు, పాత్రకు తెలిసినదానికంటే తక్కువ చెప్పొచ్చు. ప్రేక్షకుల వైపు నుంచి చూస్తే, ఎక్కువ తెలిసినప్పుడు వాళ్లు భయపడతారు లేదా నవ్వుతారు. సమానంగా తెలిసినప్పుడు ఆ పాత్రతో పాటు వెతుకుతారు. తక్కువ తెలిసినప్పుడు ఆ పాత్రనే అనుమానంగా చూస్తారు.

హిచ్‌కాక్ చెప్పిన బల్లకింద బాంబు మాట చాలామంది విన్నదే. బాంబు ఉందని ముందు చెప్పకుండా పేలిస్తే ప్రేక్షకుడికి 15 సెకన్ల ఉలికిపాటు, ముందే చూపిస్తే 15 నిమిషాల ఉత్కంఠ. అయితే దీన్ని థ్రిల్లర్లకే కట్టేయడం పొరపాటు. 1957 నాటి ‘మాయాబజార్’ చూడండి. పెళ్లింట్లో తిరుగుతున్న శశిరేఖ అసలు శశిరేఖ కాదని, ఘటోత్కచుడని మనకు తెలుసు. లక్ష్మణకుమారుడికి తెలియదు, శకునికి తెలియదు. సావిత్రి నడకలో ఒక్క క్షణం మొరటుతనం తొంగిచూస్తే హాలంతా నవ్వుతుంది. బల్లకింద బాంబు ఇక్కడా ఉంది, నవ్వు పుట్టించడానికి ఉంది. మాయాశశిరేఖ గుట్టు చివర్లో బయటపెట్టి మనల్ని ఆశ్చర్యపరచాలనుకుని ఉంటే ఆ సినిమాలో సగం హాస్యం పోయేది.

ఇంకొకటి. ఆ సినిమాలో పాండవులు తెర మీద కనబడరు. వాళ్లు రాజ్యం పోగొట్టుకున్న సంగతి కథను మొత్తం నడిపిస్తుంది, కానీ అది మాటల్లోనే మనకు అందుతుంది. తెలుగు ప్రేక్షకుడికి భారతం తెలుసన్న ధైర్యంతో చేసిన పని అది. శశిరేఖా పరిణయం అప్పటికే నాటకాల్లో ఆడింది, 1936లో సినిమాగానూ వచ్చింది. ఏం జరుగుతుందో తెలియని ప్రేక్షకుడి కోసం కాక, అంతా తెలిసి వచ్చిన ప్రేక్షకుడి కోసం కథనం కట్టారు. రహస్యం దాచిపెట్టడమే గొప్ప కథనమనే నమ్మకం మనకు ఎక్కడినుంచి అంటుకుందో గానీ, మన పౌరాణికాలు దానికి ఎదురుసాక్ష్యం చెబుతాయి.

హీరో చూసేదే కెమెరాతో చూపిస్తే అది హీరో దృష్టికోణం అయిపోయినట్టేనా?

కాదు. కన్ను చూసేది వేరు, మనసుకు తెలిసేది వేరు. ఫ్రాన్స్‌వా జోస్త్ అనే పండితుడు 1980లలో ఈ రెంటికీ వేర్వేరు పేర్లే పెట్టాడు. చెట్టు చాటునుంచి హంతకుడి కళ్లతో హీరోయిన్‌ని చూపించినప్పుడు మనం అతని కళ్లతోనే చూస్తున్నాం, అతనెవరో మాత్రం మనకు తెలియదు. ఒక సీను మొత్తం బయటినుంచి తీసినా, ఆ పాత్రకు తెలిసినంతే మనకూ తెలిస్తే అది ఆ పాత్ర దృష్టికోణమే.

ఫ్లాష్‌బ్యాక్ ఎవరు చెబితే వాళ్లు చూసినవే చూపించాలా?

న్యాయంగా అయితే అవును. కానీ సినిమా ఆ న్యాయాన్ని ఎప్పుడూ పాటించలేదు, ప్రేక్షకులు పట్టించుకోనూ లేదు. ‘బాహుబలి’లో గతాన్ని కట్టప్ప చెబుతాడు. బిజ్జలదేవుడు, భల్లాలదేవుడు గదిలో ఒంటరిగా కూర్చుని పన్నిన కుట్రలు కట్టప్ప చూసే వీలే లేదు. అయినా మనం చూస్తాం. చెప్పేవాడికి తెలిసినదాన్ని మించి కథనం చెప్పడాన్ని జెనెట్ నవలల్లోనే గుర్తించాడు. సినిమాలో పాత్ర గొంతు తలుపు తెరిచేవరకే. లోపలికి వెళ్లాక చూపించేది కెమెరా.

దీన్ని లోపమనుకోకండి. అయితే తెలిసి చేయాలి. ప్రేక్షకుడు ఎప్పుడు నిలదీస్తాడంటే, చెప్పే మనిషి ముఖ్యమని మీరే అన్నప్పుడు. 2018 నాటి ‘మహానటి’లో కోమాలో ఉన్న సావిత్రి గురించి మధురవాణి అనే విలేకరి ఆరా తీస్తూ పోతుంది. చచ్చిపోయిన పెద్దమనిషి చివరి మాట వెనక పడిన విలేకరితో 1941లో ‘సిటిజెన్ కేన్’ నడిచిన దారి అది. ఇలాంటి కథల్లో ఎవరి నోటినుంచి ఏ ముక్క దొరికిందన్నదానికి విలువ ఉంటుంది. అలాంటి చట్రం కట్టుకుని, లోపల అందరికీ అన్నీ తెలిసినట్టు చూపిస్తే చట్రం వృథా.

ఫ్లాష్‌బ్యాక్‌లో అబద్ధం చూపించొచ్చా?

1950లో రెండు సినిమాలు ఈ పని చేశాయి. హిచ్‌కాక్ ‘స్టేజ్ ఫ్రైట్’ ఒక పాత్ర చెప్పిన అబద్ధాన్ని నిజం లాగే దృశ్యంగా చూపించింది. జనం మోసపోయామనుకున్నారు. అది తాను చేయకూడని పని అని తర్వాత ఆయనే అన్నాడు. కురొసావా ‘రషోమన్’ ఒకే సంఘటనను నలుగురు నాలుగు విధాలుగా చెప్పినట్టు చూపించింది. అది 1951లో వెనిస్‌లో పెద్ద బహుమతి గెలిచింది.

తేడా ఎక్కడుంది? ‘రషోమన్’ మనం వింటున్నవి వాంగ్మూలాలని ముందే కూర్చోబెట్టి చెబుతుంది. వాంగ్మూలంలో అబద్ధం ఉండొచ్చని అందరికీ తెలుసు. ‘స్టేజ్ ఫ్రైట్’ అలాంటి హెచ్చరిక ఇవ్వలేదు. మాటలో అబద్ధాన్ని ప్రేక్షకుడు క్షమిస్తాడు, దృశ్యంలో అబద్ధాన్ని అంత తేలిగ్గా క్షమించడు. పైన చెప్పిన ‘కంచరపాలెం’ అబద్ధమాడలేదు, సంగతి దాచింది. దాచడానికీ అబద్ధమాడడానికీ మధ్య గీత ఎక్కడుందో రాసే ప్రతిసారీ మీరే చూసుకోవాలి.

సినిమాకి కథకుడు ఉంటాడా?

దీని మీద పండితులకు రాజీ కుదరలేదు. బోర్డ్‌వెల్ ఉండనక్కర్లేదంటాడు. కథనం అనే ప్రక్రియ ఉంది, దాన్ని అందుకునే ప్రేక్షకుడు ఉన్నాడు, మధ్యలో ఒక మనిషిని ఊహించుకోవాల్సిన పని లేదని ఆయన వాదన. ఇంకో కథనశాస్త్రవేత్త సీమర్ ఛాట్‌మన్ ఒప్పుకోలేదు. చెప్పడం జరిగినప్పుడు చెప్పేదంటూ ఒకటి ఉండాలి, అది మనిషి గొంతు కాకపోయినా సరే అన్నాడు. రాసేవాళ్లకు బోర్డ్‌వెల్ మాట ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి హైదరాబాద్ సంగతే చెప్పాలి.

ఇక్కడ సినిమా కాగితం మీద కంటే ముందు నోటి మీద పుడుతుంది. జూబ్లీహిల్స్‌లో ఏదో ఆఫీసులో రచయిత కూర్చుని హీరోకో నిర్మాతకో రెండు గంటలు కథ చెబుతాడు. “ఓపెన్ చేస్తే...” అని మొదలుపెట్టి, “కట్ చేస్తే...” అని దూకి, “ఇప్పుడు వీడికి తెలియదు సార్, వెనక వాడు నిలబడి ఉన్నాడని” అంటాడు. వినేవాళ్లు ఊపిరి బిగబడతారు. ఈ విద్యకు మన దగ్గర లోతైన వేళ్లున్నాయి. బుర్రకథలో కథకుడు తంబుర మీటుతూ కథ నడిపిస్తుంటే ఒక వంత హాస్యానికి, ఇంకో వంత ప్రశ్నలకు, వ్యాఖ్యకు సాయం ఉంటారు. ఒగ్గు కథలో చెప్పే మనిషే పాత్రగా మారిపోతాడు, మళ్లీ వెంటనే చెప్పే మనిషిగా తిరిగొస్తాడు. కథతో పాటు కథకుడి తోడు కూడా వినేవాళ్లకు అందుతుంది.

తెర మీద ఆ గొంతు ఉండదు. గదిలో ఒప్పించిన కథ హాల్లో తేలిపోవడానికి నాకు కనిపించే ముఖ్యమైన కారణం ఇదే. “వీడికి తెలియదు సార్” అన్న వాక్యం రచయిత నోట్లో ఉంది, సీన్ ఆర్డర్‌లో లేదు. దాన్ని ఒక షాటుగానో, ముందు సీన్లో నాటిన సంగతిగానో మార్చాలి. అందుకే కథ చెప్పి వచ్చాక, మీరు పాత్రల గురించి మీ గొంతుతో అన్న వాక్యాలన్నీ రాసిపెట్టుకోండి. వాటిలో ప్రతిదానికీ తెర మీద ఒక జాగా ఉందో లేదో చూడండి. వాయిస్ ఓవర్ పెడితే సరిపోతుందా అంటే, కొన్నిసార్లు సరిపోతుంది. 2012లో ‘ఈగ’ ఒక తండ్రి కూతురికి చెప్పే కథలా మొదలవుతుంది. ఈగ పగ తీర్చుకుంటుందన్న సంగతిని నమ్మడానికి కావలసిన మనసు ఆ ఒక్క చట్రంతో సిద్ధమైపోతుంది.

ఎలివేషన్ షాట్ గురించి, మాంటేజ్ పాట గురించి ఈ సిద్ధాంతం ఏమైనా చెబుతుందా?

చాలా చెబుతుంది. కథలో గడిచిన కాలానికీ, చెప్పడానికి పట్టిన కాలానికీ మధ్య నిష్పత్తి జెనెట్‌కు చాలా ఇష్టమైన విషయం. పదేళ్లు ఒక్క కట్‌లో దాటేయొచ్చు. ఒక సంభాషణ జరిగినంతసేపూ చూపించొచ్చు. హీరో కారు దిగి నాలుగడుగులు వేయడాన్ని స్లో మోషన్లో నిమిషం చూపించొచ్చు. చివరిది, కథ కాలం కంటే కథన కాలం ఎక్కువైన సందర్భం. ఛాట్‌మన్ దీనికి ప్రత్యేకంగా చోటిచ్చాడు. అక్కడ సంఘటన చిన్నది, కేటాయించిన కాలం పెద్దది. ఆ తేడా మొత్తం ప్రేక్షకుడి గౌరవంగా జమ కావాలి. ముందు సీన్లలో అందుకు తగ్గ కారణం పోగు చేయకపోతే అదే షాటు సాగదీతగా కనిపిస్తుంది.

మాంటేజ్ పాట చేసే పని ఇంకోటి. “రోజూ బస్టాప్‌లో కలుసుకునేవాళ్లు” అని నవల ఒక్క వాక్యంలో చెబుతుంది. కెమెరా ‘రోజూ’ను తీయలేదు, ఒక రోజునే తీయగలదు. బట్టలు మార్చి, వానా ఎండా మార్చి, పల్లవి మీద నాలుగు ముక్కలు పేరిస్తే ‘రోజూ’ పుడుతుంది. పాటలు కథను ఆపుతాయని తేలిగ్గా అనేవాళ్లకు నేను ఇదే చూపిస్తుంటాను.

మరి సీరియళ్లలో అంత సాగదీత ఎందుకు? అది కథనం చేతకాకపోవడమేనా?

చేతకానితనం ఉన్నచోట ఉంటుంది. కానీ డైలీ సీరియల్‌ను సినిమా కొలతతో కొలిస్తే దాని గుట్టు అర్థం కాదు. అమెరికా సోప్ ఒపెరాల మీద 1985లో రాబర్ట్ అలెన్ రాసిన పుస్తకం నాకు కళ్లు తెరిపించింది. ఒకే వార్తను పదిమంది పాత్రలు ఒకరి తర్వాత ఒకరు వినడం బయటివాళ్లకు చర్వితచర్వణం. రోజూ చూసేవాళ్లకు అలా కాదు. వాళ్లకు కావలసింది ఆ వార్త కాదు, అది ఎవరి చెవిన పడింది, వాళ్లకు ఈ మనిషితో ఉన్న బంధం ఇప్పుడేమవుతుంది అన్నది. కోడలు గర్భవతి అన్న సంగతి అత్త విన్నప్పుడు ఒక అర్థం, ఆడపడుచు విన్నప్పుడు ఇంకో అర్థం, ఇంటినుంచి వెళ్లగొట్టిన తోడికోడలు విన్నప్పుడు మరో అర్థం. కథ ముందుకు నడవకపోయినా పక్కలకు విస్తరిస్తుంది.

చెంపదెబ్బ తర్వాత కెమెరా ఒక్కో మొహం మీదికీ దూకుతూ పోవడం కూడా ఇందులో భాగమే. మొహాలన్నీ ఒకేలా ఉలిక్కిపడితే అది సాగదీత. ఒక మొహంలో జాలి, ఒక మొహంలో లోపలి సంతోషం, ఒక మొహంలో భయం ఉంటే అది కథనం. సీరియల్ రచయితలు పనిగంటల ఒత్తిడిలో ఈ తేడాను డైరెక్టర్‌కి రాసి ఇవ్వడం మానేస్తున్నారు. దయచేసి రాయండి. “అందరూ షాక్” అని వదిలేయకుండా, ఎవరికి ఇంతకుముందే తెలుసో, ఎవరు తెలియనట్టు నటిస్తున్నారో రాయండి.

సినిమా, సీరియల్: వెబ్ సిరీస్ ఈ రెంటిలో దేనికి దగ్గర?

రెంటికీ కాస్త దూరమే. ఎపిసోడ్ తన పని తాను ముగించుకోవాలి, సీజన్ మొత్తానికి నడిచే కథకూ సాయం చేయాలి. టీవీ మీద రాసే పండితుడు జేసన్ మిట్టెల్ 2015లో కాంప్లెక్స్ టీవీ అని వర్ణించింది ఈ రెండు పడవల ప్రయాణాన్నే. 2020లో ఆహా ఓటీటీ వచ్చాక తెలుగులో ఈ పని పెరిగింది. నాకు తరచుగా కనిపించే ఇబ్బంది ఒకటే: రెండున్నర గంటల సినిమా కథను ముక్కలు చేసి ఎపిసోడ్లు అంటున్నారు. అప్పుడు మూడో ఎపిసోడ్‌కు తనదంటూ ఒక ప్రశ్న ఉండదు.

ఇంటర్వెల్ గురించి పాశ్చాత్య సిద్ధాంతం ఏమీ చెప్పదు కదా, మనకు అదెలా పనికొస్తుంది?

బోర్డ్‌వెల్, జెనెట్ చెప్పరు. కానీ సినిమా పండితురాలు లలితా గోపాలన్ చెప్పింది. 2002లో వచ్చిన తన పుస్తకంలో ఇంటర్వెల్‌ను, పాటలను, సెన్సారును మన సినిమాకు అడ్డంకులుగా కాక, దాని రూపాన్ని తీర్చే విరామాలుగా చదివింది. ఇక్కడ హైదరాబాద్‌లోని ఇఫ్లూ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన ఎం. మాధవ ప్రసాద్ 1998లోనే హిందీ సినిమా గురించి ఇంకో కోణం చూపించారు. కథ, పాట, ఫైటు, కామెడీ విడివిడి చేతుల్లో తయారై చివర్లో కలపబడతాయని, రూపం అలా ఉండటానికి ఆ తయారీ పద్ధతే కారణమని ఆయన విశ్లేషణ. ఫైట్ మాస్టర్, డ్యాన్స్ మాస్టర్, కామెడీ ట్రాక్ రచయిత ఎవరికి వారు పనిచేసిన తెలుగు సెట్టుకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

ఇక ఇంటర్వెల్ బ్యాంగ్. “ఫస్టాఫ్ బావుంది, సెకండాఫ్ లాగ్” అన్న మాట ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఎన్ని మార్నింగ్ షోల తర్వాత విన్నామో! దానికి నిడివిని తప్పుపట్టి పది నిమిషాలు ట్రిమ్ చేస్తారు. చాలాసార్లు జబ్బు అక్కడ ఉండదు. ఫస్టాఫ్ అంతా ప్రేక్షకుణ్ణి ఒక ప్రశ్న పట్టుకుని నడిపిస్తుంది. ఇంటర్వెల్‌లో దానికి జవాబు బద్దలవుతుంది, హాలు ఊగిపోతుంది. సెకండాఫ్ మొదలయ్యేసరికి తెలుసుకోవలసింది ఏమీ మిగలదు, జరగాల్సింది మాత్రమే మిగులుతుంది. ఇంటర్వెల్ దగ్గర ఒక జవాబు ఇస్తే, అదే క్షణాన అంతకంటే పెద్ద ప్రశ్న ఒకటి పుట్టాలి. ‘బాహుబలి’ మొదటి భాగం 2015లో ఒక ప్రశ్నతో ఆగి, 2017 వరకు జనం నోళ్లలో నానింది. ఒక హంతకుడెవరో చెప్పేసి, ఎందుకో చెప్పకుండా ఆపడం దాని బలం. ఎవరన్నది తేలాక ఎందుకన్నది ఇంకా పెద్ద ప్రశ్న అయింది.

ఇవన్నీ మన నాట్యశాస్త్రంలో లేవా?

కొన్ని ఉన్నాయి, బాగా ఉన్నాయి. ఆరంభం నుంచి ఫలాగమం దాకా ఐదు అవస్థలు (నాయకుడి ప్రయత్నం సాగే దశలు), ముఖం నుంచి నిర్వహణ దాకా ఐదు సంధులు (కథ భాగాలు), బీజం, బిందువు, పతాక, ప్రకరి, కార్యం అనే ఐదు అర్థప్రకృతులు (కథను ఫలం దాకా నడిపే అంశాలు). సుగ్రీవుడి కథలా దూరం నడిచే ఉపకథ పతాక, జటాయువు ఘట్టంలా వచ్చి పోయేది ప్రకరి. వీటిలో నాకు అపురూపంగా తోచేది బిందువు. మధ్యలో వచ్చిన వేరే సంగతి వల్ల అసలు కథ తెగినప్పుడు దాన్ని తిరిగి అతికించేది బిందువని నాటకరచన మీద వచ్చిన పదో శతాబ్దపు గ్రంథం దశరూపకం చెబుతుంది. పాట తర్వాతి మొదటి సీను, ఇంటర్వెల్ తర్వాతి మొదటి సీను చేయవలసిన పని ఇదే. పాశ్చాత్య సిద్ధాంతంలో దీనికి ఇంత సూటైన పేరు నాకు దొరకలేదు.

లేనివీ ఉన్నాయి. కెమెరా ఒక పాత్రకు ఎంత దగ్గరగా ఉండాలి, ప్రేక్షకుడికి ఏది దాచాలి అన్న చర్చ అందులో వెతకడం అన్యాయం. అన్నీ మన దగ్గరే ఉన్నాయని గెలిచేయడం కంటే, రెంటినీ పక్కపక్కన పెట్టుకుని పనిచేయడం రచయితకు లాభం.

సిద్ధాంతం చదివితే సహజంగా రాసే గుణం పోతుందా?

పోదు. మొదటి డ్రాఫ్టు రాసేటప్పుడు పక్కన పెట్టండి, రెండో డ్రాఫ్టులో తీయండి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మీకు కంఠతా వచ్చిన ఒక తెలుగు సినిమాతో మొదలుపెట్టండి. కొత్త సినిమా వద్దు, మొదటిసారి చూసేటప్పుడు కథే లాక్కెళ్లిపోతుంది. కాగితాన్ని నిలువుగా మూడు గడులు చేయండి. ఒకదానిలో ఈ సీను అయ్యేసరికి ప్రేక్షకుడికి తెలిసింది, రెండోదానిలో హీరోకి తెలిసింది, మూడోదానిలో విలన్‌కో, హీరోయిన్‌కో తెలిసింది రాయండి. ప్రతి సీనుకూ ఆపి రాయండి. మూడు గడులూ ఒకేలా ఉన్న సీన్లు వరసగా వస్తున్నచోట గుర్తు పెట్టండి. హాల్లో జనం ఫోన్లు తీసేది దాదాపు అక్కడే. తర్వాత అదే పని మీ స్క్రిప్టు మీద చేయండి. పుస్తకాల్లోకి ఆ తర్వాత వెళ్లండి: బోర్డ్‌వెల్ ముందు, ఛాట్‌మన్ తర్వాత, సీరియల్ రాసేవాళ్లయితే ఈ ఇద్దరికంటే ముందు అలెన్. ఇంగ్లిషు కష్టంగా ఉంటే ఇద్దరు ముగ్గురు కలిసి ఒక్కో అధ్యాయం చదివి, తెలుగు సినిమాలతో మాట్లాడుకోండి. ఒక అధ్యాయానికి ఒక సినిమా చొప్పున పెట్టుకుంటే ఆ పుస్తకాలు త్వరగా లొంగుతాయి.